స్టేజి లైట్లు బోర్డు మాట వినడం లేదు (గజపతినగరం దగ్గర జాతర, ఈ రాత్రి మళ్ళీ ప్రోగ్రాం ఉంది)

జెనరేటర్_వెనక (గజపతినగరం) | ఉదయం 8:10

అందరికీ నమస్కారం. కాస్త అర్జెంటు. మా దగ్గర ఊళ్ళో అమ్మవారి పండగ, మొదటి రాత్రి నిన్న అయింది. ముందు ట్రస్సు (లైట్లు కట్టే చట్రం) మీద పది ఎల్ఈడీ పార్లు (రంగులు మారే లైట్లు, 54 బల్బులవి, 8 చానెల్ మోడ్), వెనక ట్రస్సు మీద ఆరు షార్పీలు (తల తిప్పే బీమ్ లైట్లు, 230 వాట్లవి, 16 చానెల్ మోడ్). లైట్లని నడిపే బోర్డు పర్ల్ 2010 మోడల్. డీఎంఎక్స్ (బోర్డు మాట లైట్లకి మోసే సిగ్నల్) మొత్తం ఒకే లైను. బోర్డు నుంచి ముందు ట్రస్సుకి వెళ్ళి, పార్లన్నీ దాటాక అక్కడి నుంచి వెనక షార్పీలకి పోతుంది. షార్పీల అడ్రసులు (ఒక్కోటీ వినే మొదటి చానెల్ నంబరు) 1, 17, 33, 49, 65, 81. పార్లు 101 నుంచి ఎనిమిదేసి చొప్పున.

మధ్యాహ్నం టెస్టింగ్‌లో మూడో షార్పీ తప్ప అన్నీ చక్కగా ఆడాయి. ఆ మూడోదాని సంగతి తర్వాత చూద్దామని వదిలేశాం. రాత్రి తొమ్మిదింటికి తప్పెటగుళ్ళ బృందం స్టేజి ఎక్కగానే మొదలైంది అసలు గొడవ. మొదటి నాలుగు పార్లు చెప్పినట్టు వింటున్నాయి. ఐదోదాని నుంచి వాటి ఇష్టం. నేను ఎరుపు పెడితే అవి ఆకుపచ్చకి పోతాయి, పాట బీటుకి మినుకుమంటాయి. షార్పీలైతే ఒకదాని మొహం ఒకటి చూసుకుని తలలు తిప్పుతున్నాయి. బోర్డు ఆపి ఆన్ చేశాను, అడ్రసులు మళ్ళీ చూశాను, రెండు కేబుళ్ళు మార్చాను. ఏమీ తేడా లేదు. కమిటీ వాళ్ళు ఒకటే నస. ఈ రాత్రి పద్య నాటకం ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

ఫ్లెక్స్_బ్యానర్ (రాజాం) | ఉదయం 8:31

తప్పెటగుళ్ళు వింటే లైట్లే కాదు, మా తాతయ్య కూడా మాట వినడు. ఊగుతాడు.

బొబ్బిలి_బీట్స్ (బొబ్బిలి) | ఉదయం 8:40

అన్నా, ఇది కచ్చితంగా జెనరేటర్ కరెంటే. మధ్యాహ్నం లైను కరెంటు మీద టెస్ట్ చేసుంటారు, రాత్రి జెనరేటర్ మీదకి మార్చుంటారు. వోల్టేజ్ ఊగితే లైట్లకి పిచ్చెక్కుతుంది. మేం ఈ కేబుల్ గోలంతా మానేసి వైర్‌లెస్‌కి వెళ్ళిపోయాం. ట్రాన్స్‌మిటర్ బోర్డుకి, లైటుకో రిసీవరు. రంగు బటన్ నొక్కి అన్నిటికీ ఒకే రంగు పెడితే పని అయిపోయినట్టే.

పాతడిమ్మర్ (శ్రీకాకుళం) | ఉదయం 9:05

బాబూ, ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. డీఎంఎక్స్ అనేది గుడి మైకులో అనౌన్స్‌మెంట్ లాంటిది. బోర్డు చెప్పుకుంటూ పోతుంది. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో దానికి తెలీదు. లైటు తిరిగి ఏమీ చెప్పదు. అందుకని బోర్డు స్క్రీన్ మీద అంతా బాగున్నట్టు కనపడినా దాన్ని నమ్మొద్దు. బోర్డు దగ్గర కూర్చుని బటన్లు నొక్కితే ఈ జబ్బు దొరకదు, లైను వెంబడి నడవాల్సిందే.

ఇప్పుడు పగలు కదా, ఇలా చెయ్యి. పొట్టి కేబుల్ ఒకటి తీసుకుని, అది మంచిదని తెలిసినదే అయ్యుండాలి, బోర్డుకి ఒక్క పార్ లైటే కలుపు. ఆడిందా? తర్వాత లైనుని సగానికి విడగొట్టు. ఎనిమిదో పార్ ఔట్‌లోంచి కేబుల్ పీకెయ్, మొదటి ఎనిమిదీ చూడు. బాగుంటే జబ్బు అవతలి సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యి. పదహారు లైట్లని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే సాయంత్రం దాకా పడుతుంది. సగాలు చేసుకుంటూ పోతే నాలుగు మెట్లలో తేలిపోతుంది.

చాలా లైట్లలో ఇన్, ఔట్ సాకెట్లు లోపల నేరుగా కలిసే ఉంటాయి. అందుకని మధ్యలో లైటుకి పవర్ లేకపోయినా సిగ్నల్ దాటుతుంది. దాన్ని బట్టి మోసపోవద్దు.

చివరి షార్పీకి టెర్మినేటర్ (లైను కొసన సిగ్నల్ వెనక్కి కొట్టకుండా పెట్టే ప్లగ్గు) పెట్టావా?

జెనరేటర్_వెనక | ఉదయం 9:12

పెట్టాను గురువుగారూ. ప్లగ్గులో 2, 3 పిన్నుల మధ్య 120 ఓంల రెసిస్టర్ సోల్డర్ చేసింది. గోధుమ, ఎరుపు, గోధుమ గీతలు ఉన్నదే. మీరు చెప్పినట్టు చూసి వస్తాను.

సోల్డర్_పొగ (ఆమదాలవలస) | ఉదయం 9:20

జెనరేటర్ సిద్ధాంతం నాకు నచ్చలేదు. వోల్టేజ్ పడితే లైటు ఆరుతుంది, రీసెట్ అవుతుంది, షార్పీ అయితే లాంపు ఆరిపోయి చల్లబడేదాకా మళ్ళీ వెలగదు. పాట బీటుకి రంగులు మార్చడం వోల్టేజ్ చేసే పని కాదు. బీటుకి ఆడుతున్నాయంటే ఎక్కడో ఒక లైటులో మైకు పనిచేస్తోందని అర్థం.

ఒక మాట అడుగుతాను. ఐదో పార్ మెనూలో డిస్‌ప్లే మీద ఏముంది? డీ అక్షరం, దాని పక్కన అడ్రసు ఉందా, లేక సౌండ్ మోడ్‌లో ఉందా?

తెరవెనక (విజయనగరం) | ఉదయం 9:48

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ ఇలాంటి బాధే. మేం నాటకం వేస్తున్నాం, హాల్లో డీఎంఎక్స్ కేబుల్ లాగే దారి లేక ల్యాప్‌టాప్ నుంచి ఆర్ట్‌నెట్ (నెట్‌వర్క్ మీద నడిచే డీఎంఎక్స్) మీద నోడ్‌కి (దాన్ని మళ్ళీ డీఎంఎక్స్‌గా మార్చే పెట్టె) పంపుతున్నాం. నోడ్ మీద లైటు వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌లో ఫేడర్లు కదులుతున్నాయి. లైట్లకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

పాతడిమ్మర్ | ఉదయం 10:02

అమ్మా, మీ సాఫ్ట్‌వేర్‌లో యూనివర్స్ (512 చానెళ్ళ గుంపు) నంబరు ఎంత పెట్టారు? నోడ్‌లో ఎంత ఉంది? ఆర్ట్‌నెట్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, చాలా బోర్డులూ సాఫ్ట్‌వేర్లూ 1 నుంచి మొదలుపెడతాయి. మీరు 1 అనుకుంటున్నది అక్కడ 0 కావచ్చు. ఒకటి అటో ఇటో జరిపి చూడండి.

సోల్డర్_పొగ | ఉదయం 10:06

అదీ కాకపోతే ఐపీ చూడండి. నోడ్ 2తో మొదలయ్యే ఐపీలో ఉంటే (2.0.0.10 లాంటిది) ల్యాప్‌టాప్ కేబుల్ పోర్టుకీ 2.0.0.5 లాంటిది ఇవ్వాలి, సబ్‌నెట్ 255.0.0.0. వైఫై ఆపేయండి. వైఫై ఆన్‌లో ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆర్ట్‌నెట్‌ని అటువైపు పంపేసి చేతులు దులుపుకుంటాయి. విండోస్ ఫైర్‌వాల్ 6454 పోర్టుని అడ్డుకుంటోందేమో కూడా చూడండి.

తెరవెనక | ఉదయం 10:41

వైఫై ఆపాను, మార్పు లేదు. యూనివర్స్ 0 చేశాను. మొత్తం వెలిగింది! తిప్పి చూస్తే నోడ్ వెనక స్టిక్కర్ మీద "పోర్ట్ 1 = 0" అని రాసే ఉంది, ఆ స్టిక్కర్ గోడవైపు ఉంది. మాస్టారూ, చాలా థాంక్స్.

జెనరేటర్_వెనక | మధ్యాహ్నం 12:15

చూశాను. ఇప్పుడు ఇంకా తికమకగా ఉంది.

పొట్టి కేబుల్‌తో ప్రతి పార్ లైటూ బాగానే ఆడింది. షార్పీల్లో మూడోది తప్ప మిగతా ఐదూ ఆడాయి. సరే అని మొత్తం మళ్ళీ కలిపి ఆన్ చేశాను. అన్నీ బాగున్నాయి! నిన్న రాత్రి అంత రచ్చ చేసినవి ఇప్పుడు బుద్ధిగా ఉన్నాయి. అన్ని పార్ల డిస్‌ప్లేలూ డీ అడ్రసే చూపిస్తున్నాయి, మావి ఏవీ సౌండ్ మోడ్‌లో లేవు. ఇప్పుడు లైను కరెంటు మీదే ఉంది. రాత్రి జెనరేటర్.

బొబ్బిలి_బీట్స్ | మధ్యాహ్నం 12:20

చెప్పానా లేదా. జెనరేటర్.

ఉప్పుగాలి (కళింగపట్నం) | మధ్యాహ్నం 12:33

మా వైపు సముద్రం పక్కన జాతరల్లో రాత్రి మంచు, ఉప్పు గాలి కలిసి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టేస్తుంది. పగలు ఎండకి ఆరితే పనిచేస్తాయి, రాత్రికి మళ్ళీ మూగబోతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్నులు తుడిచి చూడు. గజపతినగరం సముద్రానికి దూరమే అనుకో, కానీ ఆ కేబుళ్ళు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో ఎవరికి తెలుసు.

పాతడిమ్మర్ | మధ్యాహ్నం 12:50

పగలు బాగుండి రాత్రి పాడవుతోందంటే, రాత్రి మాత్రమే ఆ లైను మీదకి వచ్చేది ఏదో ఉంది. అది కరెంటే అవ్వాలని లేదు.

మల్టీమీటర్ ఉంది కదా. అన్ని లైట్లకీ పవర్ ఆపు. బోర్డు దగ్గర లైను కేబుల్ పీకు. ఆ కేబుల్ కొసలో 2, 3 పిన్నుల మధ్య ఓంలు చూసి చెప్పు. చివరన ఒక్క టెర్మినేటర్ ఉంటే 100కీ 120కీ మధ్య ఎక్కడో చూపించాలి. ఏమీ చూపించకపోతే మధ్యలో ఎక్కడో తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే ఎక్కడో షార్టు. అడ్రసులు, మోడ్‌ల గురించి ఆలోచించకుండా ముందు ఈ ఒక్క నంబరు తీసుకురా.

జెనరేటర్_వెనక | మధ్యాహ్నం 1:25

58.

సోల్డర్_పొగ | మధ్యాహ్నం 1:27

దొరికింది దొంగ.

పాతడిమ్మర్ | మధ్యాహ్నం 1:34

నాయనా, నీ లైనుకి రెండు టెర్మినేటర్లు ఉన్నాయి. 120, 120 పక్కపక్కన పడితే 60. ఒకే గొలుసుకి రెండు చివరలు ఎలా వస్తాయి? మధ్యలో ఎక్కడో కొమ్మ చీలాలి. ఎవరో వై కేబుల్ దూర్చారు. నాలుగో పార్‌కీ ఐదో పార్‌కీ మధ్య చూడు. నడిచి చూడు, ఊహించొద్దు. కేబుల్ మీద చెయ్యి వేసి పాకించుకుంటూ వెళ్ళు.

జెనరేటర్_వెనక | మధ్యాహ్నం 2:40

గురువుగారూ మీకు దండం.

ట్రస్సు ఎడమ కాలు దగ్గర, అమ్మవారి ఫ్లెక్సీ వెనక, నాలుగో పార్ నుంచి దిగిన కేబుల్‌కి వై కేబుల్ ఉంది. ఒక కొమ్మ మా ఐదో పార్‌కి, రెండో కొమ్మ ఫ్లెక్సీ చాటుగా డీజే స్పీకర్ల పక్కనున్న స్టాండు మీదకి. అక్కడ రెండు చిన్న పార్లు, డీజే వాళ్ళవి. వాటి పవర్ డీజే డిస్ట్రిబ్యూషన్ బాక్సు నుంచి వస్తోంది, అందుకే పగలు ఆరిపోయి ఉన్నాయి. రెండోదాని ఔట్‌లో టెర్మినేటర్ కూడా ఉంది, పద్ధతిగా!

డీజే కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "నిన్న సాయంత్రం కమిటీ వాళ్ళే అన్నారు బాబూ, మీ లైట్లు కూడా ఆ బోర్డుకే కలిపేయమని" అన్నాడు. ఆ రెండు లైట్లకీ పవర్ ఇచ్చి చూస్తే డిస్‌ప్లే మీద సౌండ్ మోడ్.

ఫ్లెక్స్_బ్యానర్ | మధ్యాహ్నం 2:44

ఫ్లెక్సీ వెనక దాక్కున్నది నేను కాదని అందరూ గమనించగలరు.

సోల్డర్_పొగ | మధ్యాహ్నం 2:58

ఇప్పుడు లెక్క సరిపోయింది. చాలా చవక పార్లు సౌండ్ మోడ్‌లో గానీ ఆటో మోడ్‌లో గానీ పెడితే వాటంతట అవే మాస్టర్ అయిపోతాయి. ఇన్ సాకెట్లో సిగ్నల్ వినడం మానేసి, అదే తీగల మీదకి తామే సిగ్నల్ పంపడం మొదలుపెడతాయి, పక్క లైట్లు తమని అనుసరించాలని. అంటే నీ బోర్డు ఒకవైపు నుంచి మాట్లాడుతోంది, ఆ పార్ ఇంకోవైపు నుంచి అదే తీగ మీద అరుస్తోంది. లోపల చిప్పులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

బొబ్బిలి_బీట్స్ | మధ్యాహ్నం 3:05

సరే, జెనరేటర్ కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక డౌటు. లైను ఒకటే అయితే మొదటి నాలుగు పార్లు ఎలా బాగున్నాయి? అన్నీ పాడవ్వాలి కదా?

పాతడిమ్మర్ | మధ్యాహ్నం 3:20

మంచి ప్రశ్న. తీగకి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, తీగ సన్నదైతే ఇంకా ఎక్కువ. ఇద్దరు ఒకేసారి తోస్తున్నప్పుడు ఎవరికి దగ్గరున్న లైటు వాళ్ళ మాట ఎక్కువ వింటుంది. మొదటి నాలుగూ బోర్డు పక్షం. చీలిక అవతల ఉన్నవి డీజే పక్షం. లైను చివరనున్న షార్పీలైతే ఒక ఫ్రేములో (చానెళ్ళన్నిటి అంకెలూ ఒక విడత) ఈ మాట, ఇంకో ఫ్రేములో ఆ మాట వింటాయి. సెకనుకి 44 సార్ల దాకా కొత్త ఫ్రేము వస్తుంది మరి (512 చానెళ్ళూ పంపితే), అంచేత తలలు అలా పిచ్చిగా తిరిగాయి.

డీఎంఎక్స్‌లో తప్పు పట్టుకునే ఏర్పాటు ఏదీ లేదు. చెడిపోయిన అంకె వచ్చినా లైటు దాన్ని నిజమనుకుని ఆడేస్తుంది. 1986లో యూఎస్ఐటీటీ (అమెరికా స్టేజి సాంకేతిక సంస్థ) దీన్ని తయారుచేసినప్పుడు లక్ష్యం డిమ్మర్లు నడపడమే. కాస్త తప్పు అంకె వస్తే బల్బు ఒక క్షణం మినుకుమంటుంది, అంతే కదా అనుకున్నారు. అందుకే టపాసులు, మంటలు లాంటి ప్రమాదమున్న వాటికి వాడొద్దని ఆ ప్రమాణంలోనే హెచ్చరిక ఉంది. ఈ మధ్య పెళ్ళిళ్ళలో చల్లని నిప్పురవ్వల మిషన్లు కూడా అదే లైనుకి తగిలిస్తున్నారు. నాకైతే వాటి పక్కన నిలబడాలంటే భయం.

జెనరేటర్_వెనక | మధ్యాహ్నం 3:31

వై కేబుల్ తీసేశాను. ఇప్పుడు ఓంలు 107. డీజే లైట్లని వాళ్ళ సౌండ్ మోడ్‌లోనే వదిలేశాం, మాకూ వాళ్ళకీ తీగ సంబంధం లేదు. రాత్రి చూసి చెప్తాను.

తెరవెనక | సాయంత్రం 4:10

నాకో సందేహం. రెండు వైపులా లైట్లు పెట్టాల్సి వస్తే మరి లైను చీల్చడం ఎలా? స్టేజికి ఎడమా కుడీ రెండు దారులు తప్పవు కదా.

పాతడిమ్మర్ | సాయంత్రం 4:26

స్ప్లిట్టర్ వాడాలి అమ్మా. వై కేబుల్ తీగని చీలుస్తుంది, స్ప్లిట్టర్ సిగ్నల్‌ని కొత్తగా తయారుచేసి ప్రతి ఔట్‌కీ విడిగా పంపుతుంది. ఆప్టో ఐసోలేషన్ (కొమ్మల మధ్య కరెంటు దాటకుండా చేసే ఏర్పాటు) ఉన్నది కొనండి. అప్పుడు ఒక కొమ్మ మీద షార్టయినా, ఎవరైనా మాస్టర్ మోడ్ పెట్టినా మిగతా కొమ్మలకి అంటదు. ప్రతి కొమ్మ చివరా దాని టెర్మినేటర్ దానికి ఉండాలి. ఒక్కో కొమ్మ మీద లైట్లు 32 దాటకూడదు.

ఇక్కడి వాళ్ళు స్ప్లిట్టర్‌కి డబ్బు పెట్టడానికి వెనకాడతారు, అదే ఖర్చుతో ఇంకో రెండు పార్లు వస్తాయని. ఆ రెండు పార్లు ఎవరి మాటా వినకపోతే ఏం చేసుకుంటారో నాకు తెలీదు.

ఉప్పుగాలి | సాయంత్రం 4:40

మైకు కేబుల్ గురించి కూడా తేల్చండి పెద్దలూ. మేం అందరం మైకు కేబులే వాడుతున్నాం, ఇన్నేళ్ళూ నడిచింది.

సోల్డర్_పొగ | సాయంత్రం 4:55

నడుస్తుంది, నడిచినంతకాలం. డీఎంఎక్స్ సెకనుకి రెండున్నర లక్షల బిట్లు పంపుతుంది, ఒక్కో బిట్‌కి 4 మైక్రోసెకన్లు. ఆ వేగానికి 120 ఓంలకి దగ్గరగా ఉండే ట్విస్టెడ్ పెయిర్ తీగ కావాలి. మైకు కేబుల్ ఆ లెక్కలో తయారైంది కాదు, దాని కెపాసిటెన్స్ ఎక్కువ, అందుకని సిగ్నల్ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. పెళ్ళి పందిట్లో పొట్టి లైనుకి ఏమీ తెలీదు. మైదానంలో పొడవాటి లైను లాగి పదహారు లైట్లు దాటిస్తే అప్పుడు బయటపడుతుంది.

ప్రమాణం ప్రకారం అసలు ఉండాల్సింది ఐదు పిన్నుల ప్లగ్గు. మన లైట్లన్నీ మూడు పిన్నులే, అందుకే మైకు కేబుల్ దూరుతుంది, అందుకే దూరుస్తాం.

ఇంకో తంటా ఉంది. కేబుల్ రిపేరు చేసేటప్పుడు 2, 3 తీగలు తారుమారు చేసి సోల్డర్ చేస్తారు. ఆ కేబుల్ తర్వాత ఉన్న లైట్లన్నీ చెవిటివైపోతాయి. గమ్మత్తేమిటంటే, అలాంటి కేబుళ్ళు రెండు ఒకే లైనులో పడితే ఒకదాన్నొకటి సరిచేసేసుకుని అవతలి లైట్లు మళ్ళీ ఆడతాయి. మర్నాడు అందులో ఒకటి మార్చామా, బాగున్నవి చచ్చిపోతాయి. అందుకని గోడౌన్‌లో ఉండగానే మీటరు పెట్టి పిన్నుకి పిన్ను చూసుకోండి.

బొబ్బిలి_బీట్స్ | సాయంత్రం 5:12

ఇన్ని తలనొప్పులున్నా ఎవరూ వైర్‌లెస్ మాట ఎత్తరేం?

పాతడిమ్మర్ | సాయంత్రం 5:30

ఎత్తుతాను. కల్యాణ మండపంలో మీ వైర్‌లెస్ బంగారం. కానీ దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేటప్పుడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా నిలబడే జనాన్ని తలుచుకోండి. ఆ చవక సెట్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, జనం జేబుల్లో ఫోన్ల వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే. పైగా మనిషి ఒంట్లో నీళ్ళు ఆ తరంగాన్ని మింగేస్తాయి. సాయంత్రం ఖాళీ మైదానంలో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, జనం నిండాక మాయమవుతుంది. వాడాలనుకుంటే ట్రాన్స్‌మిటర్‌నీ రిసీవర్‌నీ తలలకి పైన, ఒకదానికొకటి కనపడేలా కట్టండి.

జెనరేటర్_వెనక | రాత్రి 11:50

రాత్రి తొమ్మిదిన్నరకి నాటకం మొదలైంది, జెనరేటర్ మీదే. పార్లన్నీ మాట విన్నాయి. షార్పీలు ఐదూ విన్నాయి. యుద్ధం సీనుకి ఎరుపు ఇచ్చి వెనక నుంచి బీమ్‌లు పైకి లేపితే జనం ఈలలు. కమిటీ పెద్దాయన వచ్చి "నిన్న కూడా ఇలాగే ఉండుంటే ఎంత బాగుండేది" అన్నాడు. వై కేబుల్ పెట్టించింది మీ కమిటీయేనని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఇక మూడో షార్పీ మిగిలింది. లాంపు వెలుగుతుంది, ఆన్ చేయగానే రీసెట్ బాగానే చేస్తుంది, తల నిండుగా తిరిగి మధ్యకి వస్తుంది. తర్వాత శిల. దాన్ని దాటి నాలుగోది, ఐదోది బాగానే ఆడుతున్నాయి.

సోల్డర్_పొగ | మర్నాడు ఉదయం 7:45

రీసెట్ బాగా చేస్తోంది కాబట్టి మోటార్లూ మెయిన్ బోర్డూ బతికే ఉన్నాయి. అవతలి లైట్లు ఆడుతున్నాయి కాబట్టి తీగా సాకెట్లూ బాగున్నాయి. మెనూలో అడ్రస్, 16 చానెల్ మోడ్ సరిగ్గా ఉన్నాయని ఒక్కసారి ఖాయం చేసుకో. ఉంటే, మిగిలింది దాని చెవి. అంటే ఆర్‌ఎస్-485 చిప్పు.

పవర్ ప్లగ్ పీకి, కాస్త ఆగి, బేస్ మూత తియ్యి. డీఎంఎక్స్ సాకెట్ల నుంచి వచ్చే సన్న తీగలు ఏ చిన్న బోర్డు మీదకి వెళ్తున్నాయో చూడు. ఆ దగ్గర్లో ఎనిమిది కాళ్ళ చిప్పు ఉంటుంది. మీద 75176 అనో మ్యాక్స్485 అనో రాసి ఉంటుంది. చాలా లైట్లలో ఇదే.

లోపల హై వోల్టేజ్ బాలస్ట్ ఉంటుంది, లాంపు వెలిగించేటప్పుడు కిలోవోల్టుల్లో పల్సు కొడుతుంది. లాంపు కనెక్షన్ తీసేసి మాత్రమే పవర్ ఇవ్వు. ఒక చెయ్యి జేబులో పెట్టుకో. అలవాటు లేకపోతే ఇక్కడితో ఆగి మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళు, సరదాకి చెప్పడం లేదు.

అలవాటుంటే, సిగ్నల్ కేబుల్ కలిపి, మీటరు డీసీ వోల్ట్స్‌లో పెట్టి, చిప్పు 5వ కాలు (గ్రౌండ్) మీద నల్లది, 1వ కాలు మీద ఎర్రది పెట్టు. 1వ కాలే చిప్పు విన్నది లోపలికి చెప్పే కాలు. బాగున్న లైటులో బోర్డు చానెళ్ళన్నీ సున్నా మీద ఉంటే అక్కడ ఒక వోల్టుకి దగ్గరగా చూపిస్తుంది. చానెళ్ళు పైకి లేపేకొద్దీ రీడింగ్ పెరుగుతుంది. చచ్చిన చిప్పులో ఫేడర్లు ఎంత లేపినా అంకె కదలదు, సున్నా దగ్గరో 5 దగ్గరో బిగుసుకుపోయి ఉంటుంది.

జెనరేటర్_వెనక | ఉదయం 10:20

మా బావమరిది టీవీ మెకానిక్, వాణ్ణి కూర్చోబెట్టి చూపించాను. నాలుగో షార్పీలో 1వ కాలు మీద 0.9, చానెళ్ళు లేపితే 2 దాకా పోతోంది. మూడోదాంట్లో 4.9 దగ్గర కదలకుండా ఉంది.

సోల్డర్_పొగ | ఉదయం 10:28

చిప్పు పోయింది. మార్చేటప్పుడు నేరుగా సోల్డర్ చెయ్యకు, ఎనిమిది కాళ్ళ ఐసీ బేస్ వేసి అందులో గుచ్చు. ఇది మళ్ళీ పోయే వస్తువే.

ఎందుకు పోయిందో కూడా చూసుకోండి. షార్పీ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుందా?

జెనరేటర్_వెనక | ఉదయం 10:33

మంటుంది. అన్నీ అలాగే అంటాయి కదా?

సోల్డర్_పొగ | ఉదయం 10:50

అనకూడదు. ఎర్త్ లేదని అర్థం. పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ తీగ లేకపోతే అవి బాడీని మెయిన్స్‌లో సగం వోల్టేజ్ దగ్గర తేలుస్తాయి. కరెంటు తక్కువే, జివ్వుమనడం వరకే. కానీ ఆ స్థితిలో సిగ్నల్ కేబుల్ గుచ్చితే ఆ తేడా కాస్తా ముందు తగిలిన పిన్ను గుండా చిప్పులోకి పోతుంది. చిప్పు తట్టుకునేది మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకే. టెంట్ హౌస్ ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు. విప్పి చూడండి.

అందుకని లైట్లకి పవర్ ఇచ్చే ముందే సిగ్నల్ కేబుళ్ళన్నీ గుచ్చేయండి. జెనరేటర్ దగ్గర ఎర్త్ రాడ్ పాతి ఆ తీగని ట్రస్సుకీ ఎక్స్‌టెన్షన్ బోర్డులకీ తీసుకెళ్ళండి. ఇది చిప్పు కోసమే కాదు, వానలో ట్రస్సు ఎక్కే కుర్రాళ్ళ కోసం కూడా.

పాతడిమ్మర్ | ఉదయం 11:15

దీనికి తోడు లైను నుంచి జెనరేటర్‌కి మార్చే చోట న్యూట్రల్ బిగువుగా ఉందో లేదో చూడమను. మూడు ఫేజుల సప్లైలో న్యూట్రల్ వదులైతే లోడు తక్కువున్న ఫేజు మీద 230 కాస్తా 400 వైపు ఎక్కేస్తుంది. అప్పుడు చిప్పుల్తో ఆగదు. బొబ్బిలి కుర్రాడు నిన్న చెప్పిన జెనరేటర్ మాట ఆ మేరకి నిజమే.

బొబ్బిలి_బీట్స్ | ఉదయం 11:18

థాంక్స్ మాస్టారూ. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

కొత్త సభ్యుడు: పలాస_స్కానర్ (పలాస) | ఉదయం 11:40

గురువులకి నమస్కారం. మా దగ్గర పాత స్కానర్లు (అద్దం తిప్పి వెలుగుని కదిపే లైట్లు) నాలుగు ఉన్నాయి, డిస్‌ప్లే లేదు, చిన్న స్విచ్చుల వరసే. బోర్డు 192 చానెళ్ళది. మొదటిది ఒక్కటే ఆడుతోంది.

పాతడిమ్మర్ | ఉదయం 11:58

192 బోర్డులో ఒక్కో స్కానర్ బటన్‌కి 16 చానెళ్ళు. అంచేత అడ్రసులు 1, 17, 33, 49. ఆ స్విచ్చుల విలువలు వరసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. కావలసిన అంకెకి కూడికగా పైకి లేపాలి. రెండోదానికి (17) 1వ, 5వ స్విచ్చులు. మూడోదానికి (33) 1వ, 6వ. నాలుగోదానికి (49) 1వ, 5వ, 6వ. పదో స్విచ్చు ఉంటే అది చాలా వాటిల్లో ఆటో, సౌండ్ లాంటి పనులకి, కిందే ఉంచు. మార్చాక ఒకసారి పవర్ ఆపి ఆన్ చెయ్యి, కొన్ని పాతవి ఆన్ అయినప్పుడే చదువుతాయి. బోర్డు మీద బ్లాకౌట్ లైటు మినుకుమంటోందేమో కూడా చూడు. ఆ మోడళ్ళలో కొన్ని ఆన్ చేయగానే బ్లాకౌట్‌లోనే లేస్తాయి.

పలాస_స్కానర్ | మధ్యాహ్నం 12:30

మూడు ఆడుతున్నాయి. నాలుగోదాని పదో స్విచ్చు పైకి ఉంది, అది కిందకి దించగానే అదీ లైనులోకి వచ్చింది.

జెనరేటర్_వెనక | సాయంత్రం 6:05

విజయనగరంలో చిప్పు దొరికింది, బేస్‌తో సహా. మూడో షార్పీ ఇప్పుడే ట్రస్సు ఎక్కింది, మాట వింటోంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు విప్పి చూశాం, ఒక్కదానికి కూడా ఎర్త్ తీగ లేదు. టెంట్ హౌస్ ఆయన "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు బాబూ" అంటున్నాడు. ఇప్పుడు తీగ కొనుక్కొచ్చి మేమే వేస్తున్నాం. రాడ్ జెనరేటర్ పక్కన పాతించాం, బావమరిది నీళ్ళు పోస్తున్నాడు.